పడని వేలిముద్ర

సిరిసిల్ల,
జూన్ 20

హాస్టల్ల నీళ్ల చారు తాగి తాగి దారప్పోగు లెక్క బక్కగైన నా మనుమరాలు హేమలతకు, మీ తాత మార్కండేయులు రాస్తున్న.

మీ హాస్టల్ల ఫోన్ ఉండనియ్యరు. నాకేమో ఫోన్ల మాట ఇనరాదు. నలపై ఏండ్లు బట్ట నేసే సాంచెల చప్పుడు నడుమ నిలవడ్డ చెవులు, ఇప్పుడు మీ అమ్మమ్మ తిట్లు తప్ప వేరేదేం పట్టవు. అందుకే అయిదో తరగతి చదువును పెట్టెలకెల్లి తీసి దులిపిన. తప్పులుంటె దిద్దకు. దిద్ది పంపితె నీ ఉత్తరంల నేను తప్పులు దొరకవడత, లేకున్న పెడత.

ఈడ ఒక ముచ్చటైంది. మొన్న మంగళవారం మన గల్లీకి ఒక సారు అచ్చిండు. నలపై ఏండ్లుంటయి. మెడల తాడుకు కార్డు, సంకల బ్యాగు, చేతుల గింతంత మిషిని. పేరు సుదర్శన్ అట. పింఛన్లన్ని కొత్త లెక్కల ఎక్కిస్తున్నరట, వేలు పెట్టనోళ్లకు అచ్చే నెలకెల్లి బంద్ అట. పాపం, ఎండల నిలవడ్డడు. నేనే పిలిచి మన అరుగు మీద కూసుండవెట్టిన. మీ అమ్మమ్మతోని చాయ పెట్టిపిచ్చిన. ఆధార్ జిరాక్సులు పట్టుకొని రమ్మని గల్లీ ముసలోళ్లందరిని నేనే కేకేసిన. "రాండ్రి, రాండ్రి! బతికున్నోళ్లు ఇయ్యాల వేలు పెట్టుండ్రి, సచ్చినోళ్లు రేపు రాండ్రి" అన్న.

నా వేలు ఒక్కసారికే పడ్డది. మీ అమ్మమ్మది పడదే! ఇరవై రెండేండ్లు సాంచెలకు కండెలు సుట్టింది గదా, ఆమె వేలి గీతలన్ని దారమే తీసుకపోయింది. రేషన్ దుకాణంల సుత ఆమెది నాలుగుసార్లు పెడితెగని పడది. సారు "పడలే అమ్మా, మళ్ల పెట్టు" అంటడు. ఈమె కొంగుకు తుడిచి పెడతది. అయిదుసార్లు. "సారూ, ఆమె కూరల ఉప్పు పడదు, మిషిన్ల వేలు పడదు, ఎట్ల ఏగుతున్నవో అని నన్ను అడుగు" అన్న. అందరు నవ్విండ్రు. ఎదురింటి రాజవ్వ రెండుసార్లు పెట్టింది. దుర్గవ్వ ఆరుసార్లు. "నీ వేలు గూడ నీ లెక్కనే మొండిది" అంటె చెప్పు తీసింది.

సారు మంచోడు. ఒక్క పైస అడగలే. మీ అమ్మమ్మ ఇరవై రూపాయలు ఇయ్యవోతె సుత ముట్టలే. ఈ ఊర్ల అందరికి వేళ్లు అరిగినయి అని పరేషానైతుంటె నేనే చెప్పిన. "కోరుట్లల మా బిడ్డ బాలలక్ష్మి ఉంటది, బీడీలు చేస్తది. అక్కడ ఆడోళ్ల వేళ్లు ఆకు రుద్ది రుద్ది ఇంక నున్నగుంటయి. వాళ్ల పింఛన్లు గూడ ఆగకుండ చూడు. నా పేరు చెప్పు, చాయ పోస్తది" అన్న. మీ అమ్మ పేరు రాసుకున్నడు. నాతోని ఫోటో దిగిండు. ఫోటోల నేను పెండ్లికొడుకు లెక్క వడ్డ అట, రాజవ్వనే అన్నది. ఇంట్ల చెప్పకు.

మీ తాత,
మార్కండేయులు


జగిత్యాల,
జూన్ 27

తాతా,

నీ ఉత్తరం మా గదిలో అందరికీ చదివి వినిపించాను. "సచ్చినోళ్లు రేపు రాండ్రి" దగ్గర పక్క మంచం మంజుల నవ్వలేక కింద కూర్చుంది. అందరం నవ్వాం. ఆ తర్వాత అమ్మమ్మ వేలు దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

తాతా, అలాంటి మిషను మీద వేలు పెడితే బ్యాంకులోంచి డబ్బు తీయవచ్చు. ఏటీఎం కార్డు అక్కర్లేదు, ఫోనుకు వచ్చే నంబరూ అక్కర్లేదు. ఆధార్ నంబరు, మనిషి వేలు ఉంటే చాలు. ఒక్కసారికి పదివేల దాకా వస్తుంది. మాకు బ్యాంకింగు చెప్పే మేడాన్ని అడిగి రాస్తున్నాను. "పడలే" అని అతను అన్నాడు. మీరెవరైనా మిషనులోకి తొంగి చూశారా?

పైసా అడగలేదు కాబట్టి మంచివాడు అనకు. తీసుకునేవాడికి అడగాల్సిన పనేముంది?

వార్డెన్ మేడం ఫోనుతో రెండుసార్లు ఇంటికి చేశాను. నువ్వే ఎత్తి, "గట్టిగ మాట్లాడు, అన్నం తినలేదా?" అని పెట్టేశావు. ఈ ఉత్తరం అందగానే అమ్మమ్మ పాసుబుక్కు పట్టుకొని బ్యాంకుకు వెళ్లు. రేపు, ఎల్లుండి అనకు.

హేమలత


సిరిసిల్ల,
జూలై 5

హేమలతకు,

ఉత్తరం అందింది. బ్యాంకుకు పోయచ్చిన. అంత మంచిగనే ఉన్నది. ఊకె పరేషాన్ గాకు. మంచిగ చదువుకో. ఈడ వానలు పడుతున్నయి. అమ్మమ్మ మంచిగున్నది.

మార్కండేయులు


జగిత్యాల,
జూలై 12

తాతా,

ఏడు వాక్యాల ఉత్తరం రాశావు. అందులో ఒక్క తిట్టు లేదు. ఎవరినీ ఎక్కిరించలేదు. అమ్మమ్మ వంట గురించి కూడా ఏమీ అనలేదు. నాకు పందొమ్మిదేళ్లు వచ్చాయి, "మంచిగ చదువుకో" అని నువ్వు నాతో అనడం ఇదే మొదటిసారి.

ఎంత పోయింది?

హేమలత


సిరిసిల్ల,
జూలై 17

హేమలతా,

రాస్త. ఇంకెవ్వలకు చెప్పేటట్టు లేదు గనుక నీకే రాస్త.

బ్యాంకుల అద్దమెనుక మేడం పాసుబుక్కును మిషిన్ల పెట్టింది. అది టకటకా కొట్టింది. పదివేలు. పదివేలు. పదివేలు. పదివేలు. పదివేలు. అయిదు వరుసలు, ఒక్కటే తారీఖు. యాభై మూడు వేల ఆరొందలు ఉండె. ఇప్పుడు మూడు వేల ఆరొందలున్నయి. నా వేలు ఒక్కసారికే ఎందుకు పడ్డదో గప్పుడు సమజైంది. నా ఖాతల నాలుగొందలే ఉండె. ఖాతల ఎంత ఎక్కువుంటె, ఆ మనిషిది అన్నిసార్లు పడలే బిడ్డా. వేళ్లు అరిగినోళ్లం గదా, పడకపోవుడు మాకు అలవాటే. పడలే అంటె తుడుసుకొని మళ్ల పెట్టినం, గంతే.

ఆ పైసలు దేనికో నీకు తెల్వది. ఆమె సావుకు. "నా దినాలకు మీరెవ్వలు ఇంకొకని ముంగట చెయ్యి సాపద్దు" అని కండెలు సుట్టిన కూలిల పది, ఇరవై తీసి జమ చేసింది. మోకాళ్లు పట్టుకపోయినా దాంట్లకెల్లి రూపాయి తియ్యలే. గా పైసలు నేను చాయ పోసి మరీ సాగదోలిన.

ఆమెకు చెప్పలే. పాసుబుక్కు బియ్యం డబ్బల దాసిన. రాజవ్వకు, దుర్గవ్వకు గూడ చెప్పలే. ఆ దినం పదకొండుమంది వేలు పెట్టిండ్రు, మన అరుగు మీద, నేను పిలిస్తె. సగం మంది ఇంక పాసుబుక్కు చూసుకోలే. పొద్దుగాల దుర్గవ్వ ఎదురుగ అచ్చి "ఏంది, ఇయ్యాల నోట్ల నాలికె లేదా?" అంటె, పళ్లు నొస్తున్నయి అని చెప్పి తప్పిచ్చుకున్న. ఉన్నయి నాలుగు పళ్లు.

నలపై ఏండ్లు ఈ గల్లీల ఎవన్ని ఇడిసిపెట్టలే నేను. రాజవ్వ కొడుకు చిట్టీల మునిగితె దాని మీద పాట కట్టి పాడిన. ఇప్పుడు నా మీద ఎన్ని పాటలు కడ్తరో! మోసం చేసినోడు దర్జాగ తిరుగుతడు, మోసపోయినోడే గోడ పొంటి నడుస్తడు. ఇగ గట్లనే నడుస్తున్న.

ఎవ్వలకు చెప్పకు. ఇది చదివి కాల్చెయ్.

తాత


జగిత్యాల,
జూలై 21

తాతా,

కాల్చలేదు.

నిన్న ఆదివారం, హాస్టల్ ఫోనులో అమ్మతో మాట్లాడాను. ఆ సుదర్శన్ కోరుట్ల వచ్చాడు. నీ పేరు చెప్పాడు. నీ ఫోటో చూపించాడు. అమ్మ చాయ పోసింది. వచ్చే ఆదివారం 27న బీడీ కార్ఖానాకు సెలవు కదా, ఆ రోజు మిషను తెస్తానని, వాడలో ఆడవాళ్లందరినీ మన ఇంటి ముందు కూర్చోబెట్టమని చెప్పి పోయాడట.

వాడు దొంగ అని అమ్మకు చెప్పాను. అమ్మ ఏమన్నదో అలాగే రాస్తున్నాను: "మీ తాతను మోసం జేసెటోడు ఇంక పుట్టలేదే. మీ తాత మంచోడన్నంక మంచోడే. రెండు పుస్తకాలు సదివి నువ్వు తాతకు బుద్ధి చెప్పచ్చినవా?"

అమ్మమ్మ డబ్బు పోయిన సంగతి అమ్మకు చెప్పబోయాను. "అట్లయితె మా నాయిన నాకు చెప్పకపోవునా?" అంది.

అమ్మ ఖాతాలో ఎంత ఉందో నీకు తెలుసు. ఇరవై ఏళ్ల బీడీల పీఎఫ్, లక్షా నలభై వేలు. పొగాకు పొడికి దగ్గు పట్టింది, ఇంక ఎక్కువ రోజులు బీడీలు చుట్టలేదు. ఆ డబ్బుతో ఇంటి ముందు గదిలో కిరాణం పెట్టుకోవాలనుకుంటోంది. నేను చెబితే నమ్మదు. పోలీసులు చెబితే భయపడుతుంది, నమ్మదు. ఆమె నమ్మేది నిన్నే. వాడికీ ఆ సంగతి తెలుసు. అందుకే నీ ఫోటో పట్టుకొని తిరుగుతున్నాడు.

నీ పరువైనా దక్కుతుంది, అమ్మ డబ్బైనా దక్కుతుంది. రెండూ దక్కవు. కోపంగానే రాస్తున్నాను, దిద్దుకోను.

బ్యాంకింగు మేడం చెప్పిన సంగతులు రెండు. సైబర్ మోసాలకు 1930 అనే నంబరు ఉంది, ఆలస్యమైనా సరే చెప్పాలి. ఒక్కరు చెబితే ఒక్క ఫిర్యాదే, అందరూ కలిసి వెళితే పోలీసులు పక్కన పెట్టలేరు. ఇంకోటి, ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేసుకోవచ్చు. మనం తీస్తే తప్ప ఎవరి మిషనులోనూ అది పనిచేయదు.

ఉత్తరం ఆలస్యం కాకూడదని స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

హేమలత


సిరిసిల్ల,
జూలై 28

తాతను తిట్టుటానికి పుట్టిన హేమలతకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. మొదటిసారి చించేద్దామనుకున్న. రెండోసారి అంగి తొడుక్కున్న.

శనివారం పొద్దుమీకి వారం కూలి ఇచ్చే యాళ్ల, ప్రకాశ్ చాయ హోటల్ ముంగట అందరు ఉంటరు. పోయి బెంచి ఎక్కిన. "ఏంది మార్కండేయులు మామా, ఓట్లకు నిలవడ్డవా?" అని ప్రకాశ్ అన్నడు. "లేదురా, ఇన్నేండ్లు మిమ్ములందర్ని ఎక్కిరించిన. ఇయ్యాల నా వంతు, ఫ్రీగ చూడుండ్రి" అన్న.

చెప్పిన. చాయ పోసుడు, పిలుసుడు, అయిదుసార్లు తుడిపిచ్చుడు, బియ్యం డబ్బ, పళ్ల నొప్పి, అన్ని చెప్పిన. ఒక్కలన్న నవ్వలే బిడ్డా. నవ్వితెనన్న మంచిగుంటుండె. దుర్గవ్వ అచ్చి రెండు చేతులతోని నా అంగి పట్టి గుంజింది. "నీ నోరే గదరా నన్ను పిలిచింది!" అన్నది. "అవ్వా, నా నోరే" అన్న. రెండు గుండీలు తెగినయి. తెగనియ్యి అనుకున్న.

గప్పుడు ఎనుకకెల్లి ఒకాయన, పక్క గల్లీ మనిషి, మెల్లగ అన్నడు. "మా ఇంట్ల సుత ఇరవై వేలు పోయినయి. సిగ్గుకు చెప్పలే." ఇంకొకామె చెయ్యి లేపింది. రాజవ్వ ఇంటికి ఉరికి పాసుబుక్కు తెచ్చింది. చూస్తుండంగనే పందొమ్మిదిమంది తేలినం. ప్రకాశ్ తన ఫోన్‌కెల్లి ఆ 1930కి కొట్టి అందరి పేర్లు చెప్పిండు. పాసుబుక్కులు వట్టుకొని గుంపుగ పోలీస్‌టేషన్‌కు పోయినం. "ఒక్కలు ఉండుండ్రి, తక్కినోళ్లు ఇంటికి పోండ్రి" అన్నరు. "పైసలు ఒక్కనివి పోలే సారూ" అని అందరం కిందనే కూసున్నం. పందొమ్మిది కాయితాలు రాసుకున్నంకనే లేసినం. కోరుట్లకు వాడు ఆదివారం అస్తడని గూడ చెప్పినం, అక్కడోళ్లకు ఫోన్ చేసిండ్రు.

ఇంటికచ్చి మీ అమ్మమ్మ ముంగట నిలవడ్డ. నోరు తెరువకముందే ఆమె అన్నది. "బియ్యం డబ్బల దాసినోడా, ఈ ఇంట్ల రోజు బియ్యం తీసేది ఎవలు? నువ్వు దాసిన పొద్దే చూసిన. చదువు రాకుంటె ఏంది, ఒక్క తీరు అయిదు వరుసలు కండ్లకు కనవడవా? ఎన్నడు చెప్తవో అని చూస్తున్న."

"ఎందుకు అడగలే?" అన్న.

"నేను అడిగితె నువ్వు చెప్పినట్టెట్ల అయితది?"

అన్నం పెట్టింది. మాట్లాడలే. చెవిటోనికి గూడ ఆ చప్పుడు లేనిది ఇనవడ్డది.

పొద్దుగాల మొదటి బస్సుకే కోరుట్లకు పోయిన. మీ అమ్మ నన్ను చూసి, "నాయినా, సారు నీ గురించి మస్తు మంచిగ చెప్పిండు" అనుకుంట ఎదురచ్చింది. ఇంటి ముంగట ఇరవైమంది ఆడోళ్లు, వాడచ్చెదాంక యాళ్ల పోనియ్యద్దని ఒళ్లె చాటలు పెట్టుకొని బీడీలు సుడుతున్నరు. వాళ్లందరి ముంగటనే చెప్పిన. "బిడ్డా, మీ నాయినను మోసం చేసెటోడు పుట్టిండు. నీ ఇంటి అడ్రసు వానికి నేనే ఇచ్చిన." మీ అమ్మ చేతుల ఆకు అట్లనే ఆగింది. "నెల దినాలు నాకెందుకు చెప్పలే?" అన్నది. "నీ ముంగట చిన్నగైత అని" అన్న. ఆమె నా తెగిన గుండీలు చూసుకుంట నిలవడ్డది.

పదకొండు గొట్టంగ వాడు అచ్చిండు. నన్ను చూసి మొఖం పాలిపోయింది, గని దబ్బున నవ్విండు. "ఓ పెద్దాయనా, మీరు గూడ అచ్చిండ్రా, మంచిగైంది!"

"అచ్చిన సారూ. అందరి వేళ్లు నేనే పెట్టిపిస్త. ముందుగాల నీ వేలు పెట్టు."

"నాదెందుకు?"

"పడుతదో లేదో చూస్తం. పడకుంటె తుడిచి మళ్ల పెడుదువు. మా ఇంటామె అయిదుసార్లు పెట్టింది, నువ్వు ఒక్కసారి పెట్టలేవా?"

"నాది గవర్నమెంటు డ్యూటీ" అన్నడు.

"డ్యూటీ చేసెటోనికి వేలుండదా?" అని మీ అమ్మ అడిగింది.

వాడు బ్యాగు మూసిండు. లేసి పోదామని తిరిగిండు. ఎవ్వలు వాన్ని ముట్టలే బిడ్డా, ఒట్టు. ఇరవైమంది జరిగి వాని సుట్టు కూసున్నరు, గంతే. మోకాలికి మోకాలు ఆనించి, నడుమ వానికి అడుగు పెట్టే జాగ లేకుండ. మళ్ల బీడీలు సుట్టుడు మొదలు పెట్టిండ్రు. దాటుదామంటె ఆడోళ్ల మీదకెల్లి దాటాలె. వాడు ఒక్కొక్కలను బతిమిలాడుతున్నడు. "అమ్మా, జర జరుగు." ఒక్క ముసలామె తలకాయ లేపకుంట అన్నది, "ఆగు బిడ్డా, కట్ట అయిపోనియ్యి."

పోలీసులు అచ్చేసరికి నలపై నిమిషాలైంది. మీ అమ్మ కట్టలు లెక్కవెట్టి యాళ్ల చెప్పింది. వాని బ్యాగుల ఆధార్ జిరాక్సులు గింత మందం ఎల్లినయి. ఎంతమంది తుడుసుకొని తుడుసుకొని పెట్టిండ్రో!

బ్యాంకుకు పోయిన దినం నుంచి ఇయ్యాలటికి మొదటిసారి నడిరోడ్డు మీద నడిసిన.

తాత


జగిత్యాల,
ఆగస్టు 4

తాతా,

అమ్మ నిన్న ఫోనులో మొత్తం చెప్పింది. చెప్పేటప్పుడు దగ్గు వచ్చి ఆగి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ చెప్పింది. చివర్న "మా నాయిన" అని ఊరుకుంది. నిన్ను అంత మాట అన్నందుకు నాకు బాధగానే ఉంది. కానీ మళ్లీ అవసరమైతే మళ్లీ అంటాను.

అమ్మ డబ్బు అలాగే ఉంది. అమ్మ, ఆ ఇరవైమంది వేలిముద్రలకు తాళాలు వేయించుకున్నారు. నేనూ వేసుకున్నాను. నువ్వు నీ నాలుగొందలకు కూడా వేసుకో. పింఛను తీసుకునే రోజు తెరిచి, మళ్లీ వేయాలి. మరిచిపోకు. ఫోనుకు ఏ నంబరు వచ్చినా ఎవరికీ చదివి వినిపించకు. బ్యాంకు వాళ్లమన్నా సరే, పోలీసులమన్నా సరే.

అమ్మమ్మ మాట్లాడుతోందా?

హేమలత


సిరిసిల్ల,
అక్టోబర్ 9

నా మొండి మనుమరాలు హేమలతకు,

అమ్మమ్మ మాట్లాడుతున్నది. ఇగ ఆగుతలేదు, పాత బాకీ సుత కలిపి మాట్లాడుతున్నది.

వాని ఖాతల దొరికినకాడికి ఆపి మనకు తిప్పిండ్రు. అందరికి కలిపి సగం సుత కాలే. మీ అమ్మమ్మకు ఇరవై వేలు, రాజవ్వకు ఏడు వేలు. దుర్గవ్వకు అచ్చినంక నాతోని మాట్లాడుతుందేమో అనుకున్న. మాట్లాడలే గని, నా అంగి గుంజకపోయి రెండు గుండీలు కుట్టి పంపింది. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. అట్లనే తొడుక్కొని తిరుగుతున్న. నేను భయపడ్డట్టే నా మీద పాటలు సుత కట్టిండ్రు. ప్రకాశ్ హోటల్ల పాడుతున్నరు. నేనే ఇంకొక చరణం కలిపిన, వాళ్లది ప్రాస కుదురలే.

ఇప్పుడు మన గల్లీల కొత్త కానూన్. మిషిని పట్టుకొని ఎవ్వలచ్చినా ముందుగాల వాని వేలు. తెరమీద ఏమచ్చిందో చదువచ్చినోళ్లు ఒకలు పక్కన నిలవడి గట్టిగ చదవాలె. మొన్న అసలు పింఛను సారు అచ్చిండు. ఎన్నేండ్ల సందో తెల్సిన మనిషే. ఆయనను గూడ వేలు పెట్టుమన్నం. "నన్ను నమ్ముత లేరా?" అని అలిగిండు. "నిన్ను నమ్ముతం సారూ, ఆ డబ్బను నమ్మం" అని దుర్గవ్వ అన్నది. పెట్టిండు. పడలే! మూడుసార్లకు పడ్డది. ఆయన ఇంటామె గూడ కండెలు సుడుతదేమో అని అందరు నవ్విండ్రు.

ఇగ మీ అమ్మమ్మ నాలుగు మాటలు చెప్త అంటున్నది. ఒక్క మాట ఎక్కువ తక్కువ రాసినా రాజవ్వ కోడలితోని చదివిపిచ్చుకుంటదట. గీ ఇంట్ల నా గతి గిది.

హేమలతా, నేను నీ అమ్మమ్మ నర్సవ్వను. పోయిన ముప్పై వేల కోసం ఏడువకు. మళ్ల కండెలు సుడుతున్న. ఆ ముప్పై నిండెదాంక నా సావు బంద్ పెట్టిన. తొందరేమున్నది? దొంగ తీసుకపోయింది నా సావు పైసలే గని బతుకు పైసలు కాదు. నా పేరు మీద కొత్త ఖాత తెరిపిచ్చుకున్న. తాళం వడ్డది. ఆ ఖాతల ఇప్పటికి ఎంతైందో నువ్వచ్చినప్పుడు నీ చెవుల చెప్త. ఇప్పుడు చెప్పుదామంటె, రాసెటోడు పక్కకే కూసున్నడు.